బీచ్‌లో ఎర్ర జెండా ఉంటే మోకాళ్ల లోతు వరకైనా దిగొచ్చా?

వద్దండి, పిల్లలతో అయితే అసలే వద్దు. ఎర్ర జెండా అంటే ప్రమాదం ఎక్కువ, దిగొద్దు అని, రెండు ఎర్ర జెండాలు కలిపి కట్టారంటే నీళ్లలోకి ఎవర్నీ రానివ్వట్లేదని. పసుపు అంటే అలలు ఓ మోస్తరుగా ఉన్నాయి జాగ్రత్త అని, ఊదా రంగు అంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని. పైన ఎరుపు కింద పసుపు ఉన్న జెండాలు రెండు చోట్ల పాతితే వాటి మధ్యలోనే లైఫ్‌గార్డుల కాపలా ఉంటుంది, ఈత అక్కడే కొట్టాలి.

వైజాగ్ రుషికొండకి 2020లో వచ్చిన బ్లూ ఫ్లాగ్ వేరే సంగతి, అది బీచ్ శుభ్రత, సౌకర్యాలు చూసి ఇచ్చే గుర్తింపు, ఈరోజు సముద్రం ఎలా ఉందో అది చెప్పదు.

మోకాళ్ల లోతే కదా అనుకుంటాం గానీ అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుక జారిపోతుంది చూశారా, పెద్ద అలైతే అలాగే మనిషినే పడేస్తుంది, పడ్డాక రెండో అల లేవనివ్వదు. ఇంకోటి రిప్ కరెంట్, రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పాయ ప్రశాంతంగా కనిపిస్తుంది, అందరూ అక్కడే బాగుందని దిగుతారు, నిజానికి నీళ్లు లోపలికి లాగేది అక్కడే. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదితే నిమిషాల్లో అలిసిపోతారు, కంగారుపడకుండా తేలుతూ చెయ్యి ఊపండి, ఈత వస్తే ఒడ్డు వెంబడే పక్కకి ఈది ఆ పాయ దాటాక బయటికి రండి. పక్కవాళ్లు కొట్టుకుపోతుంటే మీరు దూకకండి ప్లీజ్, లైఫ్‌గార్డుని పిలిచి తాడో ఖాళీ క్యానో విసరండి, 112కి ఫోన్ చెయ్యండి.