మేకకు 60, గొర్రెకు 54: సంకరం పుడుతుందా?

ప్రశ్న: మేకలను, గొర్రెలను ఒకే దొడ్డిలో ఉంచుతున్నాం. ఎదకు వచ్చిన మేకలను కూడా పొట్టేలు దాటుతోంది. ఈ మధ్య ఒక గొర్రెకు ఉన్ని లేకుండా, మేకపిల్లలా నున్నటి వెంట్రుకలతో పిల్ల పుట్టింది. మేకపోతు వల్లే ఇలా పుట్టిందని కొందరు, క్రోమోజోముల సంఖ్య వేరు కాబట్టి అసలు చూడే కట్టదని కొందరు అంటున్నారు. ఏది నిజం? రెండు మేకలు ఈసుకుపోవడానికి (నెలలు నిండకుండా పిండం పడిపోవడానికి) కూడా ఇదే కారణమా?

జవాబు: మీ గొర్రెకు పుట్టింది దాదాపు కచ్చితంగా గొర్రెపిల్లే. ఉన్ని లేని గొర్రె జాతులు చాలా ఉన్నాయి. తల్లి వైపో తండ్రి వైపో ఆ రక్తం కలిసి ఉంటే పిల్లకు వెంట్రుకలే రావచ్చు. ఒంటిని చూసి తేల్చకుండా, పిల్లను పట్టుకుని కంటి లోపలి మూలకు కాస్త కింద వేలితో తడమండి. గొర్రెకు అక్కడ చిన్న గుంట తగులుతుంది, పెరిగేకొద్దీ అందులో మైనంలాంటి జిడ్డు చేరుతుంది. మేకకు ఆ గుంట ఉండదు. పై పెదవి మధ్యలో లోతైన చీలిక, కిందికి వేలాడే తోక కూడా గొర్రె గుర్తులే. మేక తోక పైకి నిక్కి ఉంటుంది.

ఇక క్రోమోజోముల మాట, అంటే కణాల్లో జన్యువులను మోసే పోగుల మాట. మేకకు 30 జతలు, అంటే 60. గొర్రెకు 27 జతలు, అంటే 54. చూడటానికి పెద్ద తేడాగా ఉన్నా, గొర్రెకు లోటు పడినది పెద్దగా ఏమీ లేదు. మేకలో విడివిడిగా ఉన్న ఆరు జతలు గొర్రెలో రెండేసి చొప్పున అతుక్కుని మూడు పెద్ద జతలయ్యాయి. సరుకు దాదాపు అదే, మూటలు తగ్గాయి.

అందుకే సంఖ్య ఒక్కటే చూసి కలుస్తాయనీ కలవవనీ చెప్పడం నాకు నచ్చదు. ఆవుకూ 60, మేకకూ 60. అయినా వాటి మధ్య సంకరం పుట్టదు. మరోవైపు అడవి గొర్రెల్లో 54, 56, 58 ఉన్న రకాలు ఉన్నాయి, వాటి మధ్య పుట్టిన పిల్లలకు మళ్లీ సంతానం కలుగుతుంది. నది రకం గేదెకు 50, చిత్తడి రకానికి 48. వాటి దూడకు 49 వస్తాయి, అది కూడా ఈనుతుంది, కాకపోతే చూడి నిలవడం కొంత తగ్గుతుంది. గుర్రానికి 64, గాడిదకు 62. తేడా రెండే అయినా 63 ఉన్న కంచర గాడిద దాదాపు ఎప్పుడూ గొడ్డుగానే మిగులుతుంది. బీజకణాలు (వీర్యకణాలు, అండాలు) తయారయ్యేటప్పుడు తల్లి క్రోమోజోము తండ్రి క్రోమోజోముతో సరిగా జత కుదరాలి. రెండు జాతులు విడిపోయి ఎంతకాలమైంది, లోపలి జన్యువుల అమరిక ఎంత మారింది అన్నవే దాన్ని తేలుస్తాయి.

మేక, గొర్రె విషయంలో అడ్డంకి ఇంకా ముందే ఎదురవుతుంది. పొట్టేలు దాటిన మేకకు చూడి కట్టవచ్చు, కానీ పిండం సాధారణంగా రెండు నెలల లోపే చనిపోతుంది. మేకపోతు దాటిన గొర్రెకు చూడి కట్టడమే అరుదు. బతికి పుట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 2000లో బోట్స్వానాలో పొట్టేలుకు, మేకకు పుట్టిన ఒక మగపిల్లలో 57 క్రోమోజోములు తేలాయి. అది మేకలనూ గొర్రెలనూ విడవకుండా దాటేది, ఒక్కదానికీ చూడి కట్టించలేదు. 1984లో వార్తల్లోకి వచ్చిన, కొంత ఉన్ని కొంత వెంట్రుకలు ఉన్న జీవి వేరు. ప్రయోగశాలలో ఒక గొర్రె పిండాన్ని, ఒక మేక పిండాన్ని కలిపి దాన్ని తయారుచేశారు, అది సంకరం కాదు.

మీకు నిజంగా నష్టం తెచ్చేది వేరే ఉంది. పొట్టేలు దాటిన మేక చూడి నిలిచినట్టే కనిపించి, పిండం పోయాక మళ్లీ ఎదకు వస్తుంది. ఒక ఈత వెనక్కి పోతుంది. పొట్టేలును వేరుగా కట్టి, దాటిన తేదీలు రాసుకోండి.

ఈసుకుపోయిన రెండు మేకల గురించి మాత్రం క్రోమోజోములను చివరిగా అనుమానించండి. పడిన పిండం ఒంటి మీద వెంట్రుకలు వచ్చి ఉంటే అది మూడు నెలలు దాటిన చూడి, అప్పుడు బ్రూసెల్లోసిస్ వంటి అంటువ్యాధినే ముందు చూడాలి. ఇది మనుషులకూ సోకుతుంది. పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో తాకకుండా పశువైద్యుడికి కబురు చేయండి. పరీక్షకు నమూనా తీశాక మిగిలినదాన్ని సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి. ఆ మేకలను వేరుగా కట్టి రక్తపరీక్ష చేయించండి, పాలు మరిగించకుండా తాగవద్దు. ఫలితం వచ్చేదాకా ఇంట్లోని గర్భిణులను దొడ్డి పనికి పంపకండి.