పై అంతస్తు కోసం ఎఫ్‌డీ మొత్తం ఖాళీ చేయవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. వయసు 41. ప్రైవేటు ఉద్యోగం, చేతికి రూ.62,000 జీతం వస్తుంది. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, 68 ఏళ్ల అమ్మ ఉన్నారు. ఇంటి ఖర్చు రూ.32,000, గృహరుణం ఈఎంఐ రూ.14,000 (బాకీ రూ.9 లక్షలు), రూ.5 లక్షల చీటీకి నెలకు రూ.10,000. చీటీ ఇంకా 20 నెలలు ఉంది. రూ.18 లక్షలతో పై అంతస్తు వేస్తే రూ.9,000 అద్దె వస్తుంది. ఎఫ్‌డీలో ఉన్న రూ.7 లక్షలు, చీటీ పాడితే వచ్చే రూ.4 లక్షలు, బంగారంపై రూ.3 లక్షలు పోను మిగిలిన రూ.4 లక్షలు తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తేవాలనుకుంటున్నాను. ఆఫీసు ఆరోగ్య బీమా తప్ప వేరే పాలసీలు లేవు. ఈ ఆలోచన సరైనదేనా?

జవాబు: ఈ పద్ధతిలో వద్దు. పై అంతస్తు వేయాలన్న కోరికలో తప్పు లేదు. కానీ ‘ఇల్లు కూడా ఆస్తే కదా’ అనుకుని అత్యవసర నిధినంతా స్లాబులో పోసేవారిని తరచుగా చూస్తుంటాను కాబట్టి, మీ ప్రశ్నకు కొంచెం గట్టిగానే జవాబు చెప్పవలసి వస్తోంది. ఉద్యోగం పోయిన నెలలోనో, అమ్మగారిని ఆసుపత్రిలో చేర్చిన రాత్రో పై అంతస్తులో ఒక గదిని అమ్మి డబ్బు తెచ్చుకోలేరు. పట్టణాల్లో చాలా ఇళ్లపై పిల్లర్ల వరకు లేచి, ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఏళ్ల తరబడి ఆగిపోయిన కట్టడాలు కనిపిస్తాయి. మేస్త్రీకి తర్వాతి విడత ఇవ్వడానికి డబ్బు లేక ఆగిపోయినవే వాటిలో ఎక్కువ.

ఇంటి ఖర్చు, ఈఎంఐ, చీటీ కలిపి మీకు నెలకు తప్పనిసరిగా రూ.56,000 కావాలి. మిగిలేది రూ.6,000 మాత్రమే. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రూ.4 లక్షలకు నెలకు రూ.8,000 వడ్డీకే పోతుంది, అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గదు. అంటే మీ మిగులు ఆ ఒక్క అప్పు వడ్డీకే చాలదు, బంగారంపై తెచ్చినదానికి వడ్డీ అదనం. పని పూర్తయి, అద్దెకు మనుషులు చేరిన తర్వాత కూడా రూ.9,000 అద్దెలో రూ.8,000 ఆ వడ్డీకే వెళుతుంది. ఇటువంటి అప్పును లెక్క వేయకుండా ‘తెలిసినవారే కదా’ అని తీసుకోవడం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు. ఇంకా నోటు రాయలేదంటే దయచేసి రాయకండి.

ముందుగా ఎఫ్‌డీ నుంచి రూ.4 లక్షలు పక్కన పెట్టండి. ఆరు నెలల తప్పనిసరి ఖర్చే రూ.3.36 లక్షలు అవుతుంది, కొత్త ఈఎంఐ వస్తే ఇంకొంత పెరుగుతుంది. ఈ మొత్తాన్ని ఒకే ఎఫ్‌డీగా కాక, లక్ష చొప్పున నాలుగుగా వేసుకుంటే అవసరమైనప్పుడు ఒకటి మాత్రమే గడువుకు ముందు తీసి, మిగిలిన మూడింటి వడ్డీ నష్టపోకుండా చూసుకోవచ్చు. కంకర ధర పెరిగినా, సెంట్రింగ్ వాళ్లు అదనంగా అడిగినా ఈ డబ్బు వైపు చూడకూడదు.

బీమా విషయంలో ఆఫీసు పాలసీ తప్ప మీ ఇంటికి వేరే రక్షణ లేదు. రూ.9 లక్షల బాకీ, రాబోయే కొత్త అప్పు, పెరిగే ధరలతో పదేళ్ల ఇంటి ఖర్చు కలిపితే కనీసం రూ.75 లక్షల టర్మ్ పాలసీ (మీకేమైనా జరిగితే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) అవసరం. ఆఫీసు ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి అమ్మగారికి విడిగా, మీ నలుగురికి కలిపి మరొకటి తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు వేచి ఉండవలసి రావచ్చు, అందుకే ఈ నెలలోనే మొదలుపెట్టడం మేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. మీకు మిగిలే రూ.6,000లో అధిక భాగం ప్రీమియాలకే పోతుంది, పోనివ్వండి.

ఇక పై అంతస్తు. చీటీని ఇప్పుడు పాడకండి. అది రిజిస్టరైనదే అయితే చివరి నెలలో 7 శాతం కమీషన్ పోయినా దాదాపు రూ.4.65 లక్షలు చేతికి వస్తాయి. దానికి ఎఫ్‌డీలోని మిగిలిన రూ.3 లక్షలు, బ్యాంకు నుంచి ఇంటి విస్తరణ రుణం రూ.12 లక్షలు కలిపితే రూ.19.65 లక్షలు. అంచనా పెరిగినా తట్టుకునేందుకు కొంత వెసులుబాటు ఇందులోనే ఉంది. 9 శాతం వడ్డీతో 15 ఏళ్లకు ఈఎంఐ సుమారు రూ.12,170. అప్పటికి చీటీ కట్టడం ఆగిపోతుంది కాబట్టి అదనపు భారం రూ.2,000 పైచిలుకు మాత్రమే. అద్దె రావడం మొదలయ్యాక దాన్ని ఈ రుణం అసలును తగ్గించడానికి వాడండి, ఫ్లోటింగ్ వడ్డీ (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) గృహరుణాన్ని ముందుగా తీర్చినా రుసుము ఉండదు. బంగారాన్ని అలాగే ఉంచండి.

ఈ 20 నెలల్లో పునాది, పిల్లర్లు ఇంకో అంతస్తును మోస్తాయో లేదో ఇంజినీరుతో చూపించి, మున్సిపల్ కార్పొరేషన్ నుంచి ప్లాను ఆమోదం తెచ్చుకోండి. అది లేకపోతే బ్యాంకు రుణం ఇవ్వదు. రుణం కూడా ఒకేసారి కాక, పని జరిగిన మేరకు విడతలుగా వస్తుంది కాబట్టి మేస్త్రీతో గుత్త మాట్లాడుకునేటప్పుడే చెల్లింపులను ఆ విడతలకు సరిపోయేలా రాయించుకోండి.