దిగులు వేరు, దుబారా వేరు

ప్రశ్న: పడుకునే ముందు పది నిమిషాలు చూద్దామని ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే గంట గడిచిపోతోంది. తోటివాళ్ల ఫొటోలు చూశాక నేనే వెనకబడిపోయానని దిగులు. యాప్ తీసేస్తే రెండు రోజులకే మళ్లీ వేసుకుంటున్నాను. టైమ్ లిమిట్ పెట్టినా ఆగడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీవి రెండు ఇబ్బందులు. రెంటికీ ఒకే మందు వేస్తున్నారు కాబట్టే పట్టడం లేదు.

ముందు దిగులు సంగతి. అది యాప్ మొత్తంతో రాదు, కొందరి పోస్టులతోనే వస్తుంది. వారం పాటు, ఎవరి పోస్టు చూశాక మనసు చివుక్కుమందో ఆ పేరు కాగితం మీద రాయండి. సాధారణంగా అవే నాలుగైదు పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. వాళ్ల ప్రొఫైల్‌లో ‘ఫాలోయింగ్’ నొక్కి, ‘మ్యూట్’ ఎంచుకుని, పోస్టులు, స్టోరీలు రెండూ ఆపండి. ఒకటే ఆపితే రెండోది వస్తూనే ఉంటుంది. అన్‌ఫాలో చేస్తే వాళ్లు గమనించవచ్చు. మ్యూట్ చేసినట్టు మాత్రం వాళ్లకు కబురు వెళ్లదు. మొహమాటపడే వాళ్లకు ఇదే మేలు.

ఇక సమయం. లిమిట్ పూర్తవగానే వచ్చే తెర మీదే దాన్ని దాటేసే బటన్ కూడా ఉంటుంది. కొన్నాళ్లకు వేలు చూడకుండానే దాని మీదికి పోతుంది. ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్ (యాప్‌లకు గడువు పెట్టే సెట్టింగ్) పాస్‌కోడ్ మీరు పెట్టుకోకండి, ఇంట్లో మరొకరి చేత పెట్టించండి. గడువు తీరాక యాప్‌ను అడ్డుకునే ఆప్షన్ కూడా ఆన్‌లో ఉండాలి. ఆండ్రాయిడ్ టైమర్‌ను సెట్టింగుల్లోకి వెళ్లి ఇట్టే మార్చుకోవచ్చు. అందుకని అక్కడ యాప్ తీసేసి, బ్రౌజర్‌లో చూసి ప్రతిసారీ లాగౌట్ కావడమే నయం. పాస్‌వర్డ్ సేవ్ చేశారా, ఈ శ్రమంతా వృథా.

పూర్తిగా మానేయక్కర్లేదు. 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 143 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనంలో కొందరు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటీ రోజుకు పది నిమిషాలకే పరిమితం చేసుకున్నారు. మూడు వారాలకు వాళ్లలో ఒంటరితనం, కుంగుబాటు తగ్గాయి.

ప్రశ్న: యూట్యూబ్ తెరవగానే కనిపించే వీడియోలు ఆపవచ్చా?

జవాబు: ఆపవచ్చు. వాచ్ హిస్టరీని, అంటే మీరు చూసిన వీడియోల చిట్టాను ఆఫ్ చేసి, పాతది కూడా చెరిపేయండి. ఈ రెండో పని మరిచిపోతే పాత లెక్కతోనే సిఫార్సులు వస్తుంటాయి. రెండూ చేస్తే హోమ్ పేజీ దాదాపు ఖాళీ. కావలసింది వెతుక్కునే చూడాలి.