‘వెదురు శరం’ తప్పా?

సందేహం: అరకు వైపు చూసిన బాణాల్లాంటివి ఇంట్లో చేసుకుంటూ, ఆ పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. ‘షాఫ్ట్’ను, అంటే బాణం పుల్లను, శరం అనీ, ‘స్పైన్’ను వెన్నెముక అనీ రాశాను. ‘వెదురు శరం’ చూసి మిత్రులు నవ్వుతున్నారు. తప్పా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: శరం దగ్గర మీ మిత్రులు తొందరపడ్డారు. వెన్నెముక దగ్గర మాత్రం నాకూ నవ్వొచ్చింది.

సంస్కృతంలో శరం బాణమే కాదు, ఒక గడ్డి పేరు కూడా. కుమారస్వామి ఆ గడ్డి పొదలో పుట్టాడు కాబట్టే శరవణభవుడు. మన నిఘంటువులు దాన్ని రెల్లు అంటాయి గానీ, ఏటి గట్టున తెల్లగా పూసే రెల్లు కాశం. శరం దానికి దాయాది, కాడ ఇంకాస్త లావు. ఇలాంటి గడ్డి కాడలు తేలిగ్గా, తిన్నగా ఉంటాయి, లోపల మాత్రం గట్టిదనం ఉండదు. అందుకే ములికిని, అంటే బాణం మొనను, నేరుగా దిగ్గొట్టరు. ముందు ఒక గట్టి కర్రముక్క దూర్చి, కాడ చీలకుండా దారం చుడతారు.

ఆ లెక్కన ‘వెదురు శరం’ అంటే వెదురు గడ్డి అన్నట్టే! కానీ స్టీలు గ్లాసు అంటే ఎవరైనా నవ్వుతున్నారా? గ్లాసంటే గాజే కదా. వాడుకలో శరం బాణమైపోయింది, కాబట్టి ‘వెదురు శరం’ తప్పు కాదు. అయితే శరం అంటే మొత్తం బాణం, షాఫ్ట్ ఒక్కటే కాదు. షాఫ్ట్‌కు కోల అనొచ్చు గానీ, దానికీ బాణమనే అర్థం ఉంది. నేనైతే ‘కాడ’ అంటాను. ‘వెదురు బద్ద’ మాత్రం వద్దు, బద్ద అంటే చీల్చిన ముక్క.

ఇక వెన్నెముక. విలువిద్యలో స్పైన్ అంటే కాడ ఎంత వంగుతుందనే లెక్క. మనకు చక్కగా ‘బిరుసు’ ఉంది. నారి వదలగానే కాడ ఒక్క క్షణం వంగి, వింటిని దాటుకుని పోయి, మళ్లీ తిన్నబడుతుంది. వింటి బలానికి తగిన బిరుసు లేకపోతే గురి పక్కకు పోతుంది. అందుకే ఒకే పొదలో కోసిన కాడలనైనా వంచి చూసి, బిరుసూ బరువూ కలిసినవే ఏరుకోవాలి. వెదురైతే ఆరనిచ్చి, కణుపులు చెక్కి, నిప్పు సెగ చూపి వంకర తీస్తారు.

అన్నట్టు, బాణానికి ఈకలు కట్టే చోటుకు ‘పింజ’ అనే పాత మాట ఉంది. అదీ వాడండి, ఈసారి మీ మిత్రులే నిఘంటువు తిరగేస్తారు.