గీత ఎవరి కోసం?

తమ్ముడూ,

నీ ఫైల్ నిన్న రాత్రి తెరిచి చూశాను. పంపుసెట్ కంట్రోలర్ మాన్యువల్, వర్డ్‌లో ట్రాకింగ్ (ఎవరు ఏం మార్చారో గుర్తులతో చూపే ఏర్పాటు) ఆన్ చేసి దిద్దిన ముగ్గురు రివ్యూయర్లు, పేజీ పేజీకీ రంగులే. "నా రాతంతా ఎర్రబడిపోయింది, టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఆ రంగులు చూసి బెంగపడకు. ఒక్కో మనిషికి ఒక్కో రంగు వర్డ్ తనే ఇచ్చుకుంటుంది. నన్ను కంగారు పెట్టింది నీ మెయిల్‌లోని ఆఖరి మాట: "మార్పులు కస్టమర్‌కి తెలియాలంటున్నారు, ఇలాగే పీడీఎఫ్ చేసి పంపేయనా?"

పంపకు.

ఎవరు ఏ ముక్క కొట్టేశారు, ఎప్పుడు కొట్టేశారు అన్నది మీ నలుగురి గొడవ. పంపు దగ్గర చేతికి గ్రీజుతో నిలబడ్డ మెకానిక్‌కి అది అనవసరం. పోయినసారి చేసినట్టే చేయాలా, ఈసారి ఏమైనా మార్చాలా, అది తెలిస్తే అతనికి చాలు.

ఈ తేడా నాకు ఉద్యోగంలో చేరిన రెండో ఏడు తెలిసొచ్చింది. ఒక యంత్రం మాన్యువల్‌కి కొత్త రివిజన్ తీశాం. పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చి, తేడా ఉన్న ప్రతి లైను పక్కనా మార్జిన్‌లో నిలువు గీత పెట్టాను. కామా మారినా గీతే, "చేయుము" తీసి "చేయండి" అన్నా గీతే. అదే పేజీలో బోల్టు బిగింపు 12 న్యూటన్ మీటర్ల నుంచి 18కి మారింది. దానికీ అదే గీత. సర్వీస్ మనిషి 12కే బిగించాడు, నాలుగు రోజులకి ఆయిల్ కారింది. "పేజీ అంతా గీతలే కద సార్, ఏది చూడాలి?" అన్నాడు. ఒక్క మార్పూ వదల్లేదని అప్పటిదాకా నాకు గర్వంగానే ఉండేది.

విమానాల మెయింటెనెన్స్ మాన్యువళ్లలో ఈ గీతల వాడకం చాలా పాతది. ఈ రివిజన్‌లో మారిన చోటే గీత ఉంటుంది. తర్వాతి రివిజన్ వచ్చేసరికి పాత గీతలు తీసేస్తారు. విమాన, రక్షణ రంగాల్లో వాడే ఎస్1000డి పద్ధతిలోనైతే గీతతో పాటు ఎందుకు మార్చారో కారణం కూడా రాసుకునే చోటుంది. మీ ఆఫీసులో డీఐటీఏ (మాన్యువళ్లని చిన్న ముక్కలుగా, గుర్తులతో రాసుకునే ఎక్స్‌ఎంఎల్ పద్ధతి) వాడతామన్నావు కాబట్టి నీకు పని తేలిక. మారిన పేరాకి "రెవ్" గుర్తు పెట్టి వదిలెయ్. గీత కనిపించాలా వద్దా అన్నది డీఐటీఏవాల్ అనే సెట్టింగుల ఫైల్ చూసుకుంటుంది, రాతని ముట్టుకోనక్కర్లేదు.

కొట్టేసిన పాత అంకెని మాత్రం అచ్చులో ఉంచకు. స్క్రీన్ మీద 12 మీద గీత, పక్కన 18 చక్కగానే ఉంటాయి. మూడోసారి జిరాక్స్ తీశాక అది 1218 అవుతుంది. రంగునీ నమ్ముకోకు. వర్క్‌షాపులో ప్రింటు నలుపు తెలుపు, పైగా ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్లు తక్కువేమీ కాదు. కొట్టివేతలతో సహా అమ్మే పత్రాలూ ఉన్నాయనుకో. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ తన ప్రమాణాలకి ఇలా మార్పులు చూపే రెడ్‌లైన్ వెర్షన్ వేస్తుంది. కానీ ఇది అధికారిక ప్రమాణం కాదు, మార్పులు చూసుకోవడానికే అని అందులోనే రాసి పెడుతుంది.

మన భాషకి ఇంకో తంటా ఉంది. చేర్చిన మాట కింద వర్డ్ గీసే గీత సరిగ్గా వత్తుల మీదుగా పోతుంది. "క్క" ఏదో "క్ర" ఏదో పోల్చుకోలేం. ట్రాకింగ్ ఆన్‌లో ఉండగా ఒక్క గుణింతం మాత్రమే చెరిపితే అక్షరం విరిగి చుక్కల సున్నా కనిపించవచ్చు. అందుకే తెలుగులో నేను మాట మొత్తం కొట్టేసి మళ్లీ టైప్ చేస్తాను. ఒక్క అక్షరానికి ఇంత చాదస్తమా అని నవ్వేవాళ్లు నవ్వుతారు.

ఇంకొకటి. వర్డ్‌లో "నో మార్కప్" నొక్కితే గుర్తులు దాక్కుంటాయి గానీ పోవు. 2004లో ఎస్‌సీవో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కార్ల కంపెనీ డైమ్లర్ క్రైస్లర్ మీద వేసిన దావా కాగితం వర్డ్ ఫైల్‌గా బయటికొచ్చింది. ముందు అందులో ప్రతివాదిగా బ్యాంక్ ఆఫ్ అమెరికా పేరు ఉండేదని ఆ దాగిన మార్పులే బయటపెట్టాయి. మరుసటి ఏడు లెబనాన్ మాజీ ప్రధాని హరీరీ హత్యపై ఐక్యరాజ్యసమితి నివేదికలోనూ అంతే, తీసేసిన పేర్లు లోకమంతా చదివింది. ప్రతి మార్పునీ యాక్సెప్టో రిజెక్టో చెయ్, కామెంట్లు తీసెయ్, ఆపైన ఫైల్‌లో దాగినవేమైనా మిగిలాయా అని వెతికే ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నడిపి చూడు. రివ్యూ చేసిన కాపీని వేరే పేరుతో దాచుకో, రేపు ఎవరైనా అడిగితే పనికొస్తుంది.

అన్ని మార్పుల్నీ ఒకేసారి ఒప్పేసుకునే యాక్సెప్ట్ ఆల్ మాత్రం ఇప్పుడే నొక్కకు. ఫ్యూజ్ పట్టికలో ఒకరు 10 అని దిద్దారు, ఇంకొకరు దాని పక్కనే 16 చేర్చారు. నువ్వు చూసినట్టు లేవు. రేపు పొద్దున్నే డిజైన్ ఇంజనీర్‌కి ఫోన్ చేసి ఏది నిజమో కనుక్కో, ఆ లైనుకి గీత పెట్టి, మొదటి పేజీలో మార్పుల పట్టికలో కూడా రాయి.

ఉంటాను,
మీ అన్న