పంజాబ్ వెళ్తున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

లూధియానాలో నీకు ఎమ్మెస్సీ సీటొచ్చిందని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మనింట్లో వ్యవసాయం చదివే మొదటి ఆడపిల్లవి నువ్వే. ఎంత సంతోషమేసిందో, ఫోన్ పెట్టేశాక అంత దడ పట్టుకుంది. రెండు పూటలా గోధుమ రొట్టెలు తినే ఊరు అది. మనిద్దరికీ ఉన్నదేమో సీలియాక్, గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడని పేగు జబ్బు.

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం ముట్టకూడదు. అన్నం, జొన్న, రాగి, మొక్కజొన్న హాయిగా తినొచ్చు. ఇవి నీకు డాక్టరు చెప్పే ఉంటారు.

నాకెవరూ చెప్పనిది ఇంగువ సంగతి. జబ్బు బయటపడ్డాక మూడేళ్ళు గోధుమ జోలికి పోలేదు నేను. పెళ్ళిళ్ళలో బొబ్బట్లు వడ్డిస్తుంటే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. అయినా ఒంట్లో రక్తం పెరగలేదు, ఈ జబ్బుకు చేసే టీటీజీ అనే రక్త పరీక్షలో అంకె దిగలేదు. చాటుగా ఏదో తింటున్నానని డాక్టరుకు అనుమానం. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. అప్పుడు మీ నానమ్మ నా దగ్గరే ఉండేది, వంటంతా ఆవిడదే. ఒక శుక్రవారం పులిహోరకు పోపు పెడుతూ, కొత్త ఇంగువ డబ్బా మూత రావట్లేదని నా చేతికిచ్చింది. తిప్పి చూస్తే వెనక చీమ తలకాయంత అక్షరాలు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివాను. గోధుమ పిండి! అసలు ఇంగువ బాగా ఘాటు కదా, అందుకని పిండి కలిపి అమ్ముతారట. కొన్నిటిలో బియ్యప్పిండి, కొన్నిటిలో గోధుమ పిండో మైదానో ఉంటుంది. పప్పు, చారు, మాగాయ... మూడేళ్ళుగా రోజూ తిన్నాను. "నా చేత్తో నేనే పెట్టానా" అంటూ మీ నానమ్మ పోపుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. స్టవ్ మీద ఆవాలు మాడిపోతున్నా లేవలేదు. ఆ తర్వాత ఏడాదికి గానీ అంకె దిగలేదు. ఈలోపు గడప దగ్గర జారితే మణికట్టు విరిగింది, ఎముక గుల్లబారిందన్నారు. అప్పటికి నాకు 41 ఏళ్ళు.

అందుకే ముద్ద ఇంగువైనా పొడైనా చదవకుండా కొనకు. గోధుమలు పట్టిన మరలో పట్టిన జొన్నపిండి కూడా మనకు పనికిరాదు. గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నదే తీసుకో. మన దేశంలో అలా రాయాలంటే కిలోకు గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడ చలికాలంలో మొక్కజొన్న రొట్టె పెడతారు. విరగకుండా కాస్త గోధుమ పిండి కలిపేవాళ్ళూ ఉంటారు, అడిగాకే తిను.

నా భయమల్లా నీ మొహమాటం. పోయిన సంక్రాంతికి పక్కింటావిడ నొచ్చుకుంటుందని రవ్వలడ్డు నోట్లో వేసుకున్నావు. రాత్రంతా నీ వీపు నిమురుతూ కూర్చున్నది నేను. కొంచెమేగా అన్నావు. కడుపు నొప్పి రాకపోయినా ఆ కొంచెమే పేగు లోపలి పొరను తినేస్తుంది, పిచ్చిపిల్లా! గురుద్వారాలో ఇచ్చే హల్వా గోధుమ పిండితో చేస్తారు. చేతులు చాచి తీసుకో, కళ్ళకద్దుకో, పక్కనున్న స్నేహితురాలికి ఇచ్చెయ్.

తమ్ముడికి కూడా పరీక్ష చేయించమని నాన్నకు గుర్తు చెయ్యి. తోబుట్టువుల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. పరీక్ష అయ్యేదాకా వాడు గోధుమ మానకూడదు, మానితే జబ్బున్నా బయటపడదు.

నీ సామానులో కొత్త పెనం, అట్లకాడ పెట్టాను. వాటిని ఎవరికీ ఎరువివ్వకు. హాస్టల్లో దిగగానే మెస్ వంటాయన్ని ఫోన్‌లో కలుపు. నాకు హిందీ వచ్చుగా, నేను మాట్లాడతాను.

నీ అత్తయ్య