మీటరు చూడకుండా దేన్నీ మార్చకు

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

ఫైబర్ టెక్నీషియన్‌గా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. శిక్షణలో పరికరాల పేర్లన్నీ నేర్పుతారు కాబట్టి వాటి జోలికి పోను.

ఈ పనిలో కొత్తవాళ్లను చెడగొట్టేది తొందర. నెట్ రావడం లేదనగానే మోడెమ్ మార్చేస్తారు, కుదరకపోతే కేబుల్ మారుస్తారు. చివరికి లైను వస్తుంది గానీ, పాడైందేమిటో తెలియదు. కొన్నాళ్లకు అదే ఇంటి నుంచి మళ్లీ ఫిర్యాదు. నువ్వు ముందు పవర్ మీటరు పెట్టి, ఫైబర్‌లో కాంతి ఎంత వస్తోందో చూడు. జీపాన్‌లో, అంటే ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతిలో, ఇంట్లో పెట్టే బి ప్లస్ తరగతి పరికరం మైనస్ 27 డీబీఎం (కాంతి బలాన్ని కొలిచే లెక్క) దాకా అందుకోగలదు. అలాగని మైనస్ 26 చూసి సరిపోయిందనుకుని వచ్చేయకు. ఇంకాస్త తగ్గితే లైను పడిపోతుంది. 3 డెసిబెల్స్ తగ్గాయంటే కాంతి సగమైపోయినట్టే. ఒక ఫైబర్ కాంతిని 32 దారులకు పంచే 1:32 స్ప్లిటర్ ఒక్కటే దాదాపు 17 డెసిబెల్స్ తీసుకుంటుంది, అది దాని స్వభావం. లెక్కకు అందని నష్టం ఎక్కడుందో పట్టుకోవడమే నీ పని.

చాలాసార్లు అది కనెక్టర్ కొసనే దొరుకుతుంది. సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే కోర్ వెడల్పు సుమారు 9 మైక్రాన్లు. కంటికి ఆనని ధూళి రేణువు ఆ దారికి అడ్డం పడ్డ బండరాయి. కవరు చింపి అప్పుడే తీసిన ప్యాచ్ కార్డ్‌ను, అంటే రెండు కొసలా కనెక్టర్లున్న పొట్టి ఫైబర్ తీగను కూడా నమ్మకు. మైక్రోస్కోపులో చూడు, తుడువు, మళ్లీ చూసి అప్పుడు కలుపు. చొక్కా అంచుతో తుడిచే సీనియర్లు కనిపిస్తారు. వాళ్లకు నమస్కారం పెట్టు, ఆ పద్ధతి మాత్రం నేర్చుకోకు. ఇంకొకటి, పచ్చ కనెక్టర్ కొస 8 డిగ్రీల వాలుతో ఉంటుంది, నీలం దానికి ఆ వాలు ఉండదు. చిక్కేమిటంటే రెండూ ఒకదానితో ఒకటి అమరిపోతాయి. అలా కలిపితే నష్టం పెరుగుతుంది, కొసలూ దెబ్బతింటాయి.

లైను పొడవునా నష్టం ఎక్కడుందో చూపించే ఓటీడీఆర్ పరికరం చేతికొస్తే 1310, 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాలు రెండింటిలోనూ పరీక్షించు. ఒకే చోట 1550లో నష్టం బాగా ఎక్కువగా కనిపిస్తే అక్కడ ఫైబర్ వంగిందని అర్థం. ఎవరో కేబుల్ కట్టే టై గట్టిగా బిగించి ఉంటారు. రెండింటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటే అతుకునో, కనెక్టర్‌నో అనుమానించు.

ఫైబర్ కొసలోకి ఎప్పుడూ తొంగిచూడకు. అందులోది పరారుణ కాంతి, కంటికి కనబడదు గానీ కంటిని పాడు చేయగలదు. కోసిన గాజు ముక్కలను మూతున్న డబ్బాలో వేయి, అవి చర్మంలో దిగితే తీయడం నరకం. స్తంభం ఎక్కే ముందు వోల్టేజీ టెస్టర్, నడుముకు బెల్టు తప్పనిసరి. మెరుపులు మెరుస్తుంటే ఎవరు తొందరపెట్టినా ఎక్కనని చెప్పు. పాత రాగి లైన్లనూ తేలిగ్గా తీసుకోకు. మామూలుగా వాటిలో ఉండేది 48 వోల్టులే, రింగ్ వచ్చినప్పుడు మాత్రం 90 వోల్టుల దాకా ఏసీ ఉంటుంది.

బాక్సు మూసే ముందు ఏ పోర్టు ఎవరిదో, ఆ రోజు రీడింగ్ ఎంతో రాసి అతికించు. ఇంటివాళ్లు ఎంతసేపు పడుతుందని అడిగితే, సమస్య దొరికేదాకా గడువు చెప్పకు.

నీ కిట్‌లో కనెక్టర్ మైక్రోస్కోపు ఇచ్చారో లేదో చూసి రాయి. ఇవ్వకపోతే మొదటి వారంలోనే అడుగు, తర్వాత ఎవరూ పట్టించుకోరు.

మీ మామయ్య